చెన్నయ్య ఏడుపు సాధన

ఆ శుక్రవారం పొద్దున చెన్నయ్య పెట్టుకున్న పని చిన్నదే. శంషాబాదులో జోగారావు సారు ఇంట్లో పాలు పోయాలి, ఎవరో ఒకరి ముందు కాసిన్ని కన్నీళ్ళు కార్చాలి, ఆ తరవాత గగన్‌పహాడ్ బస్సెక్కి డ్యూటీకి వెళ్ళాలి. పాలు పోయడం అతనికి అలవాటే. ఏడవడమే ఇంతవరకూ చేతకాలేదు.

చెన్నయ్యది కొత్వాల్‌గూడ. కొంత పొలం, రెండు బర్రెలు, గగన్‌పహాడ్‌లో పైపుల ఫ్యాక్టరీలో లోడింగు పని. ఆ ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి ఆదివారం నాటకం వేస్తున్నారు. రాసింది, నేర్పేది అకౌంట్స్ సెక్షన్ జోగారావు. గుడివాడ వైపు నుంచి ఆ మధ్యనే బదిలీ మీద వచ్చాడు. నాటకమంటే ఆయనకు ప్రాణం. కూతురిని అత్తవారింటికి సాగనంపే తండ్రి కథ అది. ఆ తండ్రి వేషం చెన్నయ్యకు వచ్చింది.

"గొంతొక్కటి ఉంటే నటుడైపోడయ్యా," అన్నాడు జోగారావు మొదటిరోజే. "నడక కుదరాలి, చూపు కుదరాలి, ఊపిరి నిలవాలి. ఎదుటివాడి మాట వినే ఓపిక ఉండాలి. ఇవన్నీ వచ్చాక కన్నీళ్ళు."

"చాయ్ ఎప్పుడొస్తది సారూ?" అని అడిగాడు కొండల్. లోడింగులో చెన్నయ్య జతగాడు. నాటకంలో అతనికి ప్రాంప్టింగు పని ఇచ్చారు. తండ్రి వేషం తనకెందుకు రాలేదని అతనికి లోపల గుర్రుగానే ఉంది.

గొంతుతో చెన్నయ్యకు ఇబ్బంది లేదు. హిమాయత్‌సాగర్ కట్ట మీద నిలబడి అరిస్తే అవతల గట్టున మేసే బర్రెలు తలెత్తి చూసేవి. దాన్ని తగ్గించడానికే జోగారావు నానా తంటాలు పడ్డాడు. మాట కడుపులోంచి రావాలని ఆయన చెబితే, "నోరుండంగ కడుపుతోటి ఎందుకు సారూ?" అని చెన్నయ్య నిజంగానే అడిగాడు. తరవాత మరో పాఠం చెప్పారు. స్టేజీ మీద జనానికి వీపు చూపకూడదు. చెన్నయ్య ఈ పాఠాన్ని ఇంట్లో కూడా పాటించాడు. అన్నం తిన్న కంచం పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళి కుడితి గోలెంలో కూర్చున్నాడు.

"నడుం పట్టిందా, దయ్యం పట్టిందా?" అని అడిగింది భార్య సక్కుబాయి.

అతను జవాబు చెప్పలేదు. జవాబుకు ముందు కాస్త మౌనం పాటించాలన్నది ఆ రోజు పాఠం. గోలెంలో కూర్చునే పాటించాడు. మర్నాడు పొద్దున కొట్టంలో బర్రె మెడ పట్టుకుని, "పోతున్నవా బిడ్డా," అని అడుగుతుంటే సక్కుబాయి చాటునుంచి చూసింది. కూరగాయలు అమ్ముకోను షాద్‌నగర్ వెళ్ళే రాములుతో కూతురికి కబురు పంపింది. 'మీ బాపు తీరు బాగలేదు, ఒక్కసారొచ్చి సూసిపో' అని.

కూతురి పేరు పూర్ణిమ. ఒక్కతే సంతానం. పోయిన వేసవిలో షాద్‌నగర్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. చెన్నయ్య ఈ వేషానికి అంతగా పాకులాడింది కూడా ఆ పెళ్ళి వల్లనే. అప్పగింతల వేళకి, పదిమందిలో ఏడిస్తే పరువు పోతుందని వంటల వెనక్కి వెళ్ళి, కిరాయి డేగిశలు ఒకటొకటే కడుగుతూ కూర్చున్నాడు. బయట పిల్ల "బాపు ఏడి? బాపు ఏడి?" అని అడిగిన గొంతు వినిపిస్తూనే ఉంది. అతను డేగిశను ఇంకా గట్టిగా తోమాడు. బండి కదిలిపోయింది. బండి కదిలిన తరవాత ఎవరైనా చేసేదేముంది? "నేను పోతుంటే బాపు గిన్నెలు తోముకుంటున్నడు," అని పూర్ణిమ తల్లితో ఒక్కసారే అంది. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. అదే అతన్ని తినేస్తోంది. ఆదివారం ముందు వరసలో పూర్ణిమను కూర్చోబెట్టి, ఆనాడు దాచుకున్నదంతా స్టేజీ మీద చూపించాలని అతని కోరిక.

కాని ఎన్ని రిహార్సల్సు చేసినా కళ్ళు తడవలేదు. కొండల్ తలనొప్పి బామ్ కళ్ళ కింద రాసుకుని చిటికెలో ఏడ్చి చూపించాడు. జోగారావుకు దిక్కు తోచలేదు.

"చెన్నయ్యా, శనివారం సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ ఏడుపు రాకపోతే వేషం కొండల్‌కి ఇవ్వక తప్పదు. నేను రాసిన డైలాగు నీ నోట బిగుసుకుపోతోంది, నీ మాటల్లో చెప్పుకో. నాటకమని చెప్పకుండా, తెలిసినవాళ్ళ దగ్గర నిజంలా చెప్పు. వాళ్ళ కళ్ళు చెమ్మగిల్లాయంటే విద్య నీ చేతికి వచ్చినట్టే."

జోగారావు రాసిన డైలాగు ఇది: 'నా చిట్టితల్లి నన్ను వదలి వెళ్ళింది, నా గృహసీమ అంధకారమైంది.' చెన్నయ్య దాన్ని బస్సులో నాలుగుసార్లు నమిలి తనకు వచ్చేట్టు చేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున అతను వెళ్ళేసరికి జోగారావు ఇంట్లో లేడు. విగ్గులు, గడ్డాలు కిరాయికి తేవడానికి మొదటి బస్సుకే సుల్తాన్‌బజారు వెళ్ళాడు. ఆయన భార్య విజయ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మెత్తని మనసు ఆవిడది. గడప దాటే మనిషి 'వెళ్తాను' అంటే ఊరుకోదు, 'వెళ్ళొస్తాను' అనిపించేదాకా చెప్పులు వేసుకోనివ్వదు. గ్యాస్ బండ తెచ్చిన అతన్ని కూడా అలాగే పంపుతుంది. ఏడిపించడానికి ఇంతకంటే తగిన మనిషి దొరకదనుకున్నాడు చెన్నయ్య.

క్యాను కింద పెట్టాడు. ఊపిరి కడుపులోకి తీసుకున్నాడు. కొంచెం మౌనం పాటించాడు.

"నా బిడ్డ పోయిందమ్మా. ఇల్లంత సీకటైంది."

కొత్వాల్‌గూడలో ఆ మాటకు ముందుగా తోచే అర్థం ఒకటే. కూతురు వెళ్ళింది. గుడివాడలో ముందుగా తోచేది ఇంకో అర్థం. విజయ చేతిలో గిన్నె జారి వసారా అంతా దొర్లింది.

"అయ్యో చెన్నయ్యా, ఎప్పుడు?"

"పొద్దుగాల," అన్నాడు చెన్నయ్య. నాటకంలో అప్పగింతలు తెల్లవారుజామునే. "సూస్తుండంగనే పోయింది."

"నువ్వు దగ్గరున్నావా?"

"ఉన్న, లేనట్టే ఉన్న. నలుగురొచ్చి తీసుకపోయిన్రు. పూలేసి, డప్పులు కొట్టి సాగనంపిన్రు. ఆడిబిడ్డ అమ్మా, ఉంచుకుందామంటె ఉంటదా?"

విజయ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు జారగిలబడి ఏడ్చింది. చెన్నయ్యకు పట్టరాని సంతోషం వచ్చింది. నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి. పాపం, దుఃఖం దాచుకుంటున్నాడని విజయ ఇంకాస్త ఏడ్చింది. చెన్నయ్య పాలు పోయడం మరిచి, వీపు చూపకుండా మెట్లు దిగి, బస్సు అందుకోవడానికి పరుగెత్తాడు.

విజయ వీధి చివర మల్లేశ్వర్ ఎస్టీడీ బూతుకు వెళ్ళింది. "చెన్నయ్య కూతురు చనిపోయిందటయ్యా," అని చెప్పింది. ఇక అక్కడితో ఆ మాటకు రెండో అర్థం లేకుండా పోయింది.

మల్లేశ్వర్ తెలివైనవాడు. "జర ఆగున్రి అమ్మా. ఆ పిల్ల అత్తగారింటి కింద కిరాణా దుకాణంల ఫోనున్నది. అడిగి చూద్దాం," అని, చెన్నయ్య అప్పుడప్పుడు మాట్లాడే షాద్‌నగర్ నెంబరు తిప్పాడు. చాలాసేపటికి పూర్ణిమ అత్త రేణుకమ్మ దుకాణంలోకి దిగి వచ్చింది. చావు మాట మొహాన అనేయడం విజయకు చేతకాదు. మెత్తగా అడిగింది.

"నేను శంషాబాదు నుంచండి. చెన్నయ్యకు బాగా తెలిసినవాళ్ళం. మీ కోడలు పూర్ణిమ... పోయిందట కదండీ."

"అవునమ్మ, పోయింది," అంది రేణుకమ్మ. "పొద్దుగాల్నే పోయింది. బస్సుల పోయింది."

"బస్సులోనా?"

"బస్సులనే. నేను వద్దంటె ఇనలే. నా కొడుకు డ్యూటీల ఉన్నడు, ఆనికింక తెల్వది."

"మీరింత నిబ్బరంగా ఎలా ఉన్నారండీ?"

"నిబ్బరం లేకుంటె ఏం జేస్త? పోయినామె పోయింది. ఇంటి పని ఉండనే ఉండె. జొన్నలు ఎండవోసి వచ్చిన, కోళ్ళు తింటయి. ఉంట మరి."

ఫోను పెట్టేసి విజయ మల్లేశ్వర్ వైపు తిరిగింది. "కోడలు బస్సు ప్రమాదంలో పోతే ఆవిడ జొన్నలు ఆరబోసుకుంటోందయ్యా," అంది. మల్లేశ్వర్ తల కొట్టుకుని ఫ్యాక్టరీకి ఫోను చేశాడు.

నిజానికి పూర్ణిమ అప్పుడు పాలమాకుల దగ్గర పంచరైన బస్సు దిగి, సీతాఫలాల సంచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఉంది. తండ్రికేమైందో అని దారిపొడుగునా దిగులుపడుతూనే వస్తోంది. ఎదురుచూసే మనిషికి దిగులు, బయలుదేరిన మనిషికి దిగులు. మధ్యలో టైరుకే ఏ దిగులూ లేదు.

చెన్నయ్య మొదటి బస్సు తప్పిపోయి, రెండో బస్సులో వచ్చి ఫ్యాక్టరీ గేటులోకి అడుగు పెట్టేసరికి లోడింగు మనుషులంతా పని ఆపి నిలబడి ఉన్నారు. కొండల్ ఎదురొచ్చి అతన్ని గట్టిగా కావలించుకుని బావురుమన్నాడు.

"అన్నా, నీ బిడ్డ పోయిందట గదనే."

చెన్నయ్య అతని కళ్ళ కింద వాసన చూశాడు. బామ్ వాసన లేదు. ఓహో, వీడు కూడా సాధన మొదలుపెట్టాడు, అదీ బామ్ లేకుండా, అనుకున్నాడు. ఓడిపోకూడదనిపించింది. ఊపిరి కడుపులోకి తీసుకున్నాడు.

"పోయింది కొండల్. ఇల్లంత సీకటైంది."

కొండల్ నేల మీద కూలబడ్డాడు. "నాకు వేషం వద్దన్నా. నీ మీద కుళ్ళుకున్న పాపాత్ముణ్ణి నేను. నాటకాలు ఎయ్య, ఎప్పటికీ ఎయ్య."

గెలిచానని చెన్నయ్యకు తెలిసిపోయింది. అయినా మంచి నటుడు గెలుపు మొహంలో చూపించడు. ఆకాశం వైపు చూశాడు. దాంతో చుట్టూ ఉన్నవాళ్ళు కూడా గొల్లుమన్నారు. మేనేజరు మెట్లు దిగి వచ్చి భుజం తట్టి, "సెలవు తీసుకో చెన్నయ్యా. లారీ తీసుకెళ్ళు. అందరూ వెళ్ళండి," అన్నాడు. పండక్కి సెలవడిగితే మొహం తిప్పుకునే మనిషి ఆయన. కళకు ఇంత బలముందని తెలిసుంటే పెళ్ళప్పుడు కూడా వాడుకునేవాణ్ణే అనుకున్నాడు చెన్నయ్య.

లారీ వెనక పదిమంది ఎక్కారు. చెన్నయ్య మధ్యలో నిలబడ్డాడు. నాలుగు పక్కలా జనమే. ఎవరికీ వీపు చూపకూడదు కనక దారంతా మెల్లగా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. దుఃఖంతో మనిషికి తల తిరుగుతోందని అందరూ అతన్ని పట్టుకున్నారు. ఎవరి ఇంట చావైనా ముందు నిలిచే శంకరయ్య శంషాబాదులో లారీ ఆపించి దిగాడు. కొత్త కుండ, వెదురుబొంగులు, పూలదండ తెచ్చి చెన్నయ్య కాళ్ళ దగ్గర పెట్టాడు.

"గీ కుండ ఎందుకు?" అన్నాడు చెన్నయ్య.

"అన్నీ ఉండాలె చెన్నయ్యా. సక్కుబాయిని ఎక్కించుకుని అటే షాద్‌నగర్ పోదాం."

నాటకంలో కుండ లేదు. జోగారావు రాత్రికి రాత్రి కథ మార్చినట్టున్నాడు. తనకు చెప్పకుండా మార్చడం చెన్నయ్యకు నచ్చలేదు. కుండ పగలగొట్టేది తనైతే మాత్రం ఫరవాలేదనుకున్నాడు.

కొత్వాల్‌గూడలో లారీ ఆగింది. వాకిట్లో పేడ పిడకలు చరుస్తున్న సక్కుబాయి మొదట కుండను చూసింది, తరవాత వెదురుబొంగులు, ఆ తరవాత నిక్షేపంగా నిలబడ్డ మొగుణ్ణి. "ఎవరికి?" అంది. శంకరయ్య దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాడు.

సక్కుబాయి పెట్టిన కేకకు కొట్టంలో బర్రెలు తాడు తెంపుకోబోయాయి. "నా బిడ్డా! నేనే రమ్మని కబురువెడితి. నేనే బస్సెక్కిస్తి."

చెన్నయ్య ఆ కేక విని కాస్త అయోమయంలో పడ్డాడు. ఇది కడుపులోంచి వచ్చిన గొంతు. ఏ పాఠమూ నేర్వకుండా వచ్చిన గొంతు. అతను లారీ దిగి, మొదటిసారి జనం వైపు వీపు తిప్పి, భార్య దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వేందే ఏడుస్తున్నవ్? నీకు నాటకంల వేషం లేదు గద."

అంతలో ఆటో వచ్చి ఆగింది. విజయ, ఆమె వెనక సుల్తాన్‌బజారు సంచితో జోగారావు దిగారు. జోగారావు చెన్నయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నన్ను క్షమించవయ్యా. ఏడుపు నేర్చుకోమన్నాను. దేవుడు ఇలా నేర్పుతాడనుకోలేదు."

"ఏంది సారూ గిది? కథ మార్చిన్రా?"

"కథ కాదు చెన్నయ్యా. మా ఆవిడ షాద్‌నగర్ ఫోన్ చేసి కనుక్కుంది. వాళ్ళత్తగారే చెప్పింది. మీ అమ్మాయి ఈ పొద్దున బస్సులో పోయిందట." జోగారావు సంచిలో చెయ్యి పెట్టి, దొరికిన తెల్లగడ్డంతో కళ్ళు తుడుచుకున్నాడు.

చెన్నయ్య భార్య వైపు చూశాడు. "నువ్వు రమ్మన్నవా?" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ తరవాత అతని దగ్గర ఏ విద్యా మిగల్లేదు. కట్ట దాటి వినిపించే గొంతు పెదవి దాటలేదు. లారీ చక్రం పక్కన కూర్చుని, కొత్త కుండను ఒళ్ళోకి తీసుకుని, అరచేత్తో దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినచోటే తుడుస్తున్నాడు.

"గిన్నెలు తోముకుంట కూసున్న సారూ," అన్నాడు. పక్కనున్న వాళ్ళకే వినిపించింది. "బాపు ఏడి అని అడిగింది. ఈడనే ఉన్న అని అనలే."

అప్పుడే జనం వెనకనుంచి ఒక గొంతు వచ్చింది.

"జర తప్పుకోన్రి. ఎవరు పోయిన్రు?"

జనం చీలారు. సీతాఫలాల సంచి భుజాన వేసుకుని, మొహం నిండా దుమ్ముతో పూర్ణిమ నిలబడి ఉంది. వెదురుబొంగులు చూసి ఆమె మొహం పాలిపోయింది. తండ్రి కోసం కళ్ళతో వెతికింది, కనిపించాడు. తల్లి కోసం వెతికింది, ఆమే కనిపించింది.

"చెప్పరేంది? ఎవరు పోయిన్రే అమ్మా?"

సక్కుబాయి కూతురిని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. చేయి గిల్లి చూసింది.

"నువ్వేనట బిడ్డా," అంది.

చెన్నయ్య ఒళ్ళో కుండ దొర్లి పగిలింది. అప్పుడు వచ్చింది ఏడుపు. చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి, ముక్కు కారుతుంటే, కూతురి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "ఈడనే ఉన్న బిడ్డా, వంటల ఎనక ఉన్న, ఈడనే ఉన్న," అన్నదే అంటూ ఏడ్చాడు. పూర్ణిమకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సీతాఫలాలు కింద పడేసి ఆమె కూడా మొదలుపెట్టింది.

జోగారావు కూడా ఏడుస్తూనే ఉన్నాడు. అయినా నేర్పేవాడి కన్ను ఎక్కడికి పోతుంది? ముందుకు వంగి, "చెన్నయ్యా, కొంచెం ఇటు తిరగవయ్యా. వీపు చూపకూడదు," అన్నాడు.

ఎవరు ఏ మాట అన్నారో, ఎవరికది ఎలా వినబడిందో తేలేసరికి సీతాఫలాలన్నీ అయిపోయాయి. విజయ సిగ్గుతో కొట్టం వెనక దాక్కుంది. సక్కుబాయే వెళ్ళి తీసుకొచ్చింది. "నా బిడ్డ కోసం ఇంతగనం ఏడ్చినవు, నువ్వు గూడ నా చెల్లెవే," అని చాయ్ ఇచ్చింది. శంకరయ్య వెదురుబొంగుల్ని వృథా చేయకుండా చిక్కుడు పందిరికి పాతాడు. కొండల్ మాత్రం, తను వేషం వద్దన్న మాట ఎవరికీ గుర్తుండకపోతే బాగుండునని ఒక మూల నిలబడ్డాడు. అందరికీ గుర్తుంది.

ఆదివారం వచ్చింది. ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా. ముందు వరసలో పూర్ణిమ. అప్పగింతల ఘట్టం వచ్చింది. చెన్నయ్య ఊపిరి కడుపులోకి తీసుకున్నాడు, మౌనం పాటించాడు, కూతురి వైపు చూశాడు. ఆమె నిక్షేపంగా కూర్చుని బఠాణీలు తింటోంది. దాంతో అతని మొహం చాటంత అయింది. ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు.

"ఏడువన్నా, ఏడువు," అని తెర పక్కనుంచి కొండల్ బతిమాలాడు.

"నా బిడ్డ పోయింది," అన్నాడు చెన్నయ్య పళ్ళన్నీ బయటపెట్టి. "ఇల్లంత సీకటైంది." అని ఇంకా నవ్వాడు.

జోగారావు తల పట్టుకున్నాడు. కాని షామియానా కింద ఒక్క కన్ను పొడిగా లేదు. శుక్రవారం సంగతి తెలిసినవాళ్ళు అది తలుచుకుని ఏడ్చారు, తెలియనివాళ్ళు పక్కవాళ్ళను చూసి ఏడ్చారు. బహుమతులు ఇవ్వడానికి పట్నం నుంచి వచ్చిన న్యాయనిర్ణేతలు ముగ్గురూ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. దుఃఖాన్ని నవ్వు వెనక దాచుకునే తండ్రిని ఇంతవరకూ ఏ స్టేజీ మీదా చూడలేదని చెప్పి చెన్నయ్యకు ఉత్తమ నటుడి కప్పు ఇచ్చారు. ఆ నవ్వు ఎన్నో రిహార్సల్సు చేసి తాను నేర్పిందేనని జోగారావు మైకులో వివరించాడు.

మర్నాడు పూర్ణిమను షాద్‌నగర్ బస్సెక్కించడానికి చెన్నయ్య స్టాండు దాకా వెళ్ళాడు. ఈసారి ఎక్కడా దాక్కోలేదు. కిటికీ ఊచ పట్టుకుని అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏమైంది పెద్దమనిషి? ఎవరన్న పోయిన్రా?" అన్నాడు కండక్టరు.

చెన్నయ్య నోరు తెరిచాడు. ఆ పక్కనే విజయ నిలబడి ఉంది, పూర్ణిమకు పసుపు కుంకుమ ఇవ్వడానికి వచ్చింది. అతను మాట మింగేశాడు.

"పోలే," అన్నాడు. "వస్తది."

ఆనాటి నుంచి శంషాబాదులో, విజయ వినేటట్టుగా, కరెంటు కూడా పోలేదు. ఊరికెళ్ళింది, వస్తుందనేవారు.